మోకాలు కుదిరింది, నిద్ర కుదరలేదు

మోకాలి కీలు మార్పిడి ఇప్పుడు మన ఊళ్లలో కొత్త సంగతి కాదు. ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లకు మెట్లెక్కవచ్చు, ఒకేసారి రెండు కాళ్లూ చేయించుకోవచ్చా అన్నవి ఇంటింటా మాట్లాడుకుంటున్నారు. ఆ తర్వాతి రాత్రుల గురించి, ఆ రాత్రుల్లో మనసు పడే పాట్ల గురించి మాత్రం మాట్లాడుకోరు. మాట్లాడాలా, అక్కర్లేదా అన్నదే ఈ సంవాదం. అక్క బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. కుడి మోకాలు మార్పించుకుని నెల దాటింది. తమ్ముడు తెనాలిలో చాలాకాలం మందుల షాపు నడిపిన ఫార్మసిస్టు. వచ్చే నెలలో వాళ్ల పిన్నికీ ఇదే ఆపరేషన్ జరగబోతోంది.

తమ్ముడు: కుట్లు మానాయి. వాకర్ వదిలి కర్ర పట్టుకున్నావు. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు అంతా బాగుందన్నారు. ఇంకా నిద్ర గురించే బెంగపడితే ఎలా అక్కా? ఎముకల చివర్లు కోసి, లోహపు తొడుగులు బిగించి, మధ్యలో ప్లాస్టిక్ పలక పెట్టారు. అంత పని జరిగాక నెలా రెణ్ణెల్లు నిద్ర పట్టకపోవడం రోగం కాదు. గాయం మానడంలో అదీ ఒక భాగం. ఓర్చుకుంటే దానంతటదే సర్దుకుంటుంది.

అక్క: సర్దుకుంటుందని నేనూ నమ్ముతున్నాను. సర్దుకునేలోపు ఏమవుతుందన్నదే నా ప్రశ్న. ఫిజియో వచ్చి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచి రాసుకుంటాడు. డాక్టరుగారు గాయం చూస్తారు. పరామర్శకు వచ్చినవాళ్లు నడిపించి చూస్తారు. రాత్రి ఎలా గడిచిందని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయేసరికి అది చెప్పుకోదగ్గ బాధ కాదేమోనని మనమే అనుకుంటాం. తెల్లవార్లూ రెప్ప వెయ్యని మనిషి పొద్దున్నే ‘బాగానే ఉన్నాను’ అని కాఫీ తాగుతుంది.

తమ్ముడు: అడిగితే ఏం ఒరుగుతుంది? మాట్లాడేకొద్దీ బాధ పెద్దదవుతుంది. నాకు నిద్ర రావట్లేదని పదిమందికీ చెప్పుకున్న మనిషికి చీకటి పడుతుంటేనే గుబులు మొదలవుతుంది. ఆ గుబులే నిద్రను తరిమేస్తుంది. షాపులో కూర్చుని ఇలాంటివాళ్లను ఎంతమందినో చూశాను.

అక్క: ఆ గుబులు నాకూ తెలుసు. కానీ అది మాట్లాడటం వల్ల పుట్టింది కాదు, కారణం తెలియకపోవడం వల్ల పుట్టింది. మొదటి వారాల్లో నాకు ఆపరేషన్ ఎక్కడో చెడిపోయిందనే అనిపించేది. పగలు ఓర్చుకోగలిగిన మోకాలు అర్ధరాత్రి అంతగా ఎందుకు సలుపుతోందో అర్థమయ్యేది కాదు. ఇది ఇలాగే ఉంటుంది, ఇందువల్ల ఉంటుంది అని ఎవరైనా చెప్పి ఉంటే సగం భయం పోయేది.

తమ్ముడు: కారణాలేమీ రహస్యం కాదు. పెద్ద ఆపరేషన్ ఏదైనా సరే, ఒంట్లో వాపు పుట్టించే రసాయనాలు పెరుగుతాయి. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ గతి తప్పుతుంది. మొదటి రాత్రుల్లో గాఢనిద్రా తగ్గుతుంది, కలలొచ్చే నిద్రా తగ్గుతుంది. కొన్ని రోజులయ్యాక ఆ కలల నిద్ర ఒక్కసారిగా తిరిగొస్తుంది. పీడకలలతో ఉలిక్కిపడి లేవడం అప్పుడే ఎక్కువ. వాంతులు, నొప్పి తగ్గడానికి ఆపరేషన్ రోజున డెక్సామెథసోన్ ఇస్తే అదీ నిద్రను చెదరగొడుతుంది. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పిమాత్రలు మగత తెస్తాయి గానీ మంచి నిద్ర తేవు. మగత వేరు, నిద్ర వేరు.

అక్క: ఇదంతా నీకు తెలుసు కాబట్టి నువ్వు ధైర్యంగా ఓర్చుకోమంటున్నావు. నాకు ఇందులో ఒక్క ముక్కా ముందుగా తెలియదు. ఇంకొన్ని మంచం మీద పడుకున్నాకే తెలిశాయి. పుట్టి బుద్ధెరిగాక పక్కకు తిరిగి పడుకున్నదాన్ని, వెల్లకిలా పడుకోమన్నారు. కదలకుండా ఉంటే కీలు బిగుసుకుపోతుంది, కదిలితే పోటు వస్తుంది. రాత్రి తొమ్మిదికి వేసుకున్న మాత్ర రెండు మూడు గంటలకల్లా దిగిపోతుంది. పైగా పగలైతే మనుషులుంటారు, మాటలుంటాయి. రాత్రి నేనూ మోకాలూ తప్ప ఎవరూ ఉండరు.

తమ్ముడు: నువ్వు చివరన చెప్పినదానికీ శాస్త్రం ఉంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం చెప్పారు. గాయం దగ్గర పుట్టిన సంకేతం ఉన్నదున్నట్టు మెదడుకు చేరదు. వెన్నుపాములో దాన్ని హెచ్చించే ఏర్పాటూ ఉంది, తగ్గించే ఏర్పాటూ ఉంది. మన ధ్యాస, భయం, దిగులు పైనుంచి ఆ తలుపును తెరుస్తాయి, మూస్తాయి. అందుకే అంటున్నాను, ధ్యాస మళ్లించుకో, దాన్నే తలుచుకోకు అని.

అక్క: అదే సిద్ధాంతాన్ని నేను ఇటునుంచి చదువుతాను. భయం, దిగులు తలుపు తెరుస్తాయంటే వాటికి వైద్యం చెయ్యడం నొప్పికి వైద్యం చెయ్యడమే కదా! నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనంలోనూ, 2020లో సవరించినదానిలోనూ నొప్పి ఒంటికి కలిగే అనుభవమే కాదు, మనసుకు కలిగేది కూడా అని ఉంది. అలాంటప్పుడు మోకాలికి ఒక డాక్టరు, మనసుకు ‘నువ్వే ఓర్చుకో’ అన్న మాట. ఈ పంపకం నాకు న్యాయంగా కనిపించడం లేదు.

తమ్ముడు: సరే, నొప్పి ఉంటే నిద్ర రాదు. నొప్పి తగ్గితే నిద్ర వస్తుంది. కాబట్టి నొప్పి సంగతి చూసుకుంటే చాలదా?

అక్క: ఆ దారి ఒకవైపే నడవదు. 2013లో ‘జర్నల్ ఆఫ్ పెయిన్’లో ఒక సమీక్ష వచ్చింది. అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే, ఈ రోజు నొప్పి రేపటి నిద్రను చెడగొట్టడం కన్నా, ఈ రాత్రి నిద్ర చెడితే రేపు నొప్పి పెరగడమే బలంగా కనబడుతోందని తేల్చారు. నా విషయంలో అది రోజూ చూశాను. కాస్త కునుకు పట్టిన మర్నాడు ఫిజియో వంచుతుంటే పళ్లు బిగబట్టి అయినా వంచనిచ్చేదాన్ని. కంటి మీద కునుకు లేని మర్నాడు చెయ్యి వేస్తేనే ఏడుపొచ్చేది. వ్యాయామం సరిగ్గా సాగకపోతే కీలు బిగుసుకుంటుంది. అంటే నిద్ర చెడితే చివరికి ఆపరేషన్ ఫలితానికే ఎసరు. ఓర్చుకోమని వదిలేయడానికి ఇది చిన్న సంగతి కాదు.

తమ్ముడు: అది కాదనను. నా భయం మరోచోట ఉంది. నిద్ర లేకపోవడాన్ని ఒక జబ్బుగా పేరుపెట్టిన మరుక్షణం మనవాళ్లు దానికి మాత్ర అడుగుతారు. ‘అల్ప్రాజోలాం సగం ముక్క ఇవ్వండి చాలు’ అని ఎంతమంది వచ్చేవాళ్లో! పది రాత్రుల కోసం మొదలుపెట్టి ఏళ్ల తరబడి మానలేకపోయినవాళ్లు నాకు తెలుసు. 2014 మార్చి నుంచి అల్ప్రాజోలాం, జోల్పిడెం, ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడల్లా రిజిస్టరులో రోగి పేరు, డాక్టరు పేరు రాసి మూడేళ్లు దాచాలి. 2018లో ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం కిందికీ తెచ్చారు. ఊరికే తెచ్చారా?

అక్క: ఊరికే తేలేదు. మరి ఆ మాత్రలు మా వయసువాళ్లకు ఏం చేస్తాయో కూడా చెప్పు. ఇది అందరికీ తెలియాల్సిన సంగతి.

తమ్ముడు: చెప్తాను. అరవై అయిదు దాటినవాళ్లకు ఈ జాతి నిద్రమాత్రలు వీలైనంత వరకూ వద్దని అమెరికాలోని వృద్ధుల వైద్యసంఘం తన జాబితాలో స్పష్టంగా పెట్టింది. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడతారు. కొత్త మోకాలితో పడితే ఎముక విరిగే ప్రమాదం. తికమక పెరుగుతుంది, మతిమరుపు వస్తుంది. ట్రమడాల్ వేసుకుంటూ అల్ప్రాజోలాం కూడా వేసుకుంటే ఊపిరి మందగించవచ్చు. ఈ జోడీ గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2016లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకైతే ముప్పు ఇంకా ఎక్కువ. దిగులుకు మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి చెప్పకుండా ట్రమడాల్ వేసుకోవడమూ ప్రమాదమే. ఇవన్నీ తెలిసినవాణ్ని కాబట్టే నిద్ర గురించి పెద్ద చర్చ పెట్టవద్దంటున్నాను.

అక్క: ఒరేయ్, నువ్వు చెప్పిన ప్రతి ముక్కా నిజం. కానీ అందులోనే నా వాదన ఉంది. ఆ మనుషులు నీ షాపు దగ్గరికి ఎందుకొచ్చారు? డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు రాత్రి సంగతి ఎత్తలేదు. ఇంట్లో చెప్పుకుంటే ‘ఓర్చుకో’ అన్నారు. ఇక మిగిలింది కౌంటరు ఒక్కటే. మాట్లాడితే మాత్ర దాకా వెళతారని నువ్వంటున్నావు. మాట్లాడే చోటు లేకనే వాళ్లు మాత్ర దాకా వెళ్లారని నేనంటున్నాను.

తమ్ముడు: ... ఆ మాట కాదనలేను. కౌంటరు ముందు నిలబడినవాళ్లలో చాలామంది మాత్ర పేరు చెప్పేముందు తమ బాధే చెప్పుకునేవాళ్లు. మరి డాక్టరు దగ్గర ఎత్తితే ఏమవుతుంది? ఆయనకు తీరిక ఉండదు. ఆయనా ఒక మాత్ర రాసి పంపిస్తాడు.

అక్క: కొందరు అలా రాసి పంపవచ్చు. కొన్నిసార్లు కొద్ది రోజులకు మాత్ర అవసరమే కావచ్చు కూడా. అది ఆయన చూసి, లెక్క కట్టి, ఎప్పుడు మానాలో చెప్పి ఇచ్చేది. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. నొప్పిమాత్రల వేళలు మార్చి, రాత్రి పొడుగునా పనిచేసేలా సర్దవచ్చు. నొప్పిమాత్రను ఒక్కసారిగా ఆపేసినందువల్ల నిద్ర పోయిందా అన్నది చూడవచ్చు.

తమ్ముడు: అది ముఖ్యమైన మాట. ట్రమడాల్ కొన్ని వారాలు వాడి హఠాత్తుగా ఆపితే చెమటలు, కాళ్లలో తెలియని అలజడి, నిద్రలేమి వస్తాయి. మందు మానేశాక కూడా బాగోలేదని బెంగపడతారు. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అది కూడా డాక్టరు చెప్పిన ప్రకారం. రక్తం తగ్గిందా, షుగర్ అదుపులో ఉందా, థైరాయిడ్ ఎలా ఉంది అన్నవి కూడా చూడాలి. నీరసాన్నీ దిగులునూ ఇవి కూడా తెస్తాయి.

అక్క: చూశావా, ఒక్క ప్రశ్న అడిగితే ఇన్ని తలుపులు తెరుచుకున్నాయి. నిద్రలేమి నెలల తరబడి సాగితే మాత్ర కన్నా ముందు వాడాల్సిన పద్ధతి ఒకటుందని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. నిద్ర చుట్టూ అల్లుకున్న అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే శిక్షణ అది. దానికి మనసు వైద్యులో, సైకాలజిస్టులో సాయం చేస్తారు. అలాంటిది ఉందని కూడా మన ఇళ్లలో తెలియదు.

తమ్ముడు: దాని మూలసూత్రాలు నేనూ చదివాను. 1982లో బోర్బేలీ అనే శాస్త్రవేత్త నిద్రను రెండు శక్తులు నడుపుతాయన్నాడు. ఒకటి, మేలుకుని ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర అవసరం. రెండోది, వెలుగు చీకట్లను బట్టి తిరిగే ఒంటి గడియారం. ఆపరేషన్ తర్వాత మనం ఈ రెంటినీ చెడగొట్టుకుంటాం. పగలంతా మంచం మీదే ఉంటాం, కిటికీ తెరలు వేసి గంటలకొద్దీ కునుకు తీస్తాం. పగలంతా చిరుతిళ్లు తింటే రాత్రి అన్నం సయించనట్టు, పగటి కునుకులు రాత్రి నిద్రను మింగేస్తాయి. కాబట్టి రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. ఉదయం వెలుగులో కాసేపు కూర్చోవాలి. పగలు పడుకుంటే అరగంట చాలు, అదీ మధ్యాహ్నం మూడు లోపు. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు.

అక్క: ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి. మామూలు మనుషులకైతే ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే గదిలోకి వెళ్లమంటారు. మొదటి వారాల్లో ఉన్న మోకాలి రోగి అర్ధరాత్రి వాకర్ పట్టుకుని ఇల్లంతా తిరిగితే పడిపోతుంది. మంచం పక్కనే చేతుల కుర్చీ ఒకటి వేసుకుని, అందులో కూర్చుని, పాటలో పుస్తకమో పెట్టుకుని, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోవాలి. బాత్రూము దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. కాళ్లకు తగిలే పట్టాలు, వైర్లు తీసెయ్యాలి. గోడ గడియారం కంటికి కనబడకుండా తిప్పెయ్యాలి. ఎంతైందో చూసుకున్నకొద్దీ నిద్ర దూరమవుతుంది.

తమ్ముడు: పడుకునే తీరులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. ఆ క్షణానికి సుఖమే, కానీ కీలు వంగిన చోటే బిగుసుకుపోతుంది, తర్వాత కాలు పూర్తిగా చాపలేరు. దిండు మడమ కిందో పిక్క కిందో పెట్టాలి, కాలు తిన్నగా ఉండాలి. పక్కకు తిరగవచ్చని డాక్టరు చెప్పాక, రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని తిరగవచ్చు. పడుకునే ముందు ఐసు ప్యాకును గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పెడితే వాపూ వేడీ తగ్గుతాయి. గట్టి వ్యాయామం పడుకునే ముందు కాకుండా సాయంత్రం లోపే ముగించాలి. నొప్పిమాత్రకు, వ్యాయామానికి, పడకకు మధ్య వేళలు ఎలా కుదుర్చుకోవాలో ఫిజియోనీ డాక్టరునూ అడగాలి.

అక్క: నిద్ర సంగతిలో మనిద్దరం ఒక దారికి వచ్చాం. ఇప్పుడు మనసు సంగతి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కారణం లేకుండా కన్నీళ్లొస్తాయి. వీడియో కాల్‌లో మనవరాలు నవ్వుతుంటే కూడా మాట పెగలదు. దీన్నేమంటావు?

తమ్ముడు: సహజమంటాను. మనసు గట్టి చేసుకోమంటాను. మన అమ్మ సంగతి గుర్తు చేసుకో. ఆ మోకాళ్ల నొప్పులతోనే ఇల్లూ పొలమూ ఈదింది. ఒక్కనాడైనా దిగులని అందా?

అక్క: అమ్మ ఓర్చుకుందో, చెప్పుకోలేకపోయిందో మనకెలా తెలుసురా? మనం అడిగామా? ఓర్పుకు నేను దణ్ణం పెడతాను. నోరు విప్పే వీలు లేకపోవడాన్ని మాత్రం ఓర్పని పిలవలేను. నా దిగులుకు మూలం నొప్పి ఒక్కటే కాదు. బడిలో ఎంతమంది పిల్లల్నో నిలబెట్టిన మనిషిని, స్నానానికి కోడలి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నేల మీద బాసింపట్టు వేసి పూజ చేసుకునే అలవాటు ఇక లేదు. బంతిలో కూర్చుని భోజనం చేసేది లేదు. ఊళ్లో పాత ఇంటికి వెళితే అక్కడి మరుగుదొడ్డి వాడలేను. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. మన బతుకులో సగం నేల మీదే గడిచింది, ఆ నేల దూరమైనప్పుడు మనసు కలత పడకుండా ఎలా ఉంటుంది?

తమ్ముడు: దీని గురించి నేను ఇలా ఆలోచించలేదు. కానీ అక్కా, దిగులు పడ్డ ప్రతివాళ్లకూ డిప్రెషన్ అని చీటీ అంటించడం మంచిది కాదు. ఏడాది గడిచేసరికి చాలామంది ఆపరేషన్‌కు ముందుకన్నా తేలికగా, ఉత్సాహంగా ఉంటారు. ఏళ్లనాటి నొప్పి పోయిన మనసు అది. అంతవరకూ ఆగితే...

అక్క: చాలామంది, అవును. అందరూ కాదు. మోకాలి మార్పిడి చేయించుకున్న అయిదుగురిలో సుమారు ఒకరు ఫలితం పట్ల తృప్తిగా లేరని చాలా పరిశోధనల్లో వచ్చింది. ఎక్స్‌రేలో అంతా సవ్యంగా ఉన్నా ఆ అసంతృప్తి ఉంటోంది. ఆపరేషన్‌కు ముందే ఆందోళన, దిగులు ఉన్నవాళ్లకూ, నొప్పిని తలుచుకుని ఘోరమే జరుగుతుందని హడలిపోయేవాళ్లకూ తర్వాత నొప్పి ఎక్కువగా మిగులుతుందని కూడా తెలుసు. అలాంటివాళ్లను ముందే గుర్తించి తోడు నిలిస్తే ఎంత మేలు! అది చీటీ అంటించడం కాదు, చేయందించడం.

తమ్ముడు: మరి ఏది మామూలు దిగులు, ఏది వైద్యం కావాల్సిన దిగులు? గీత ఎక్కడ గీస్తావు?

అక్క: గీత డాక్టర్లే గీశారు. వచ్చి పోయే కన్నీళ్లు, ఒక చెడ్డ రాత్రి తర్వాతి విసుగు, ఒక మంచి మాటకు తేలికపడే మనసు, ఇవి కోలుకోవడంలో భాగమే. అలా కాకుండా రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులుగానే ఉండటం, ఇష్టమైనది కూడా రుచించకపోవడం, తిండి మానెయ్యడం, వ్యాయామానికి లేవననడం, అందరికీ బరువయ్యాననడం, ఇవి కనబడితే ఆగకూడదు. బతకడం దండగ అన్న మాట నోట వస్తే ఆ రోజే సాయం కోసం కదలాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం ‘టెలీ మానస్’ మొదలుపెట్టింది. 14416కు రాత్రి పగలూ ఎప్పుడైనా ఫోన్ చెయ్యవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తమ్ముడు: దీనికి నేనొకటి కలుపుతాను. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో పెద్దవాళ్లు కొందరు ఉన్నట్టుండి తికమకపడతారు. లేనివాళ్లు కనబడుతున్నారంటారు, రాత్రిని పగలంటారు, సెలైన్ పీకేస్తారు. ఇంట్లోవాళ్లు మతి పోయిందని హడలిపోతారు, లేదా వయసని వదిలేస్తారు. రెండూ తప్పే. దాన్ని డెలిరియం అంటారు. వెంటనే డాక్టరుకు చెప్పాలి, కారణం వెతికితే చాలావరకు తగ్గుతుంది. అలాగే రాత్రి బాధ అంతా నిద్రలేమి ఖాతాలో వెయ్యకూడదు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం, గుండెల్లో నొప్పి వచ్చినా, చలిజ్వరం తగిలినా, గాయం చీము కారినా తెల్లవారేదాకా ఆగకూడదు.

అక్క: ఇంతా చెప్పినవాడివి, పిన్నికి మాత్రం ఏమీ చెప్పొద్దంటున్నావు.

తమ్ముడు: అవును, అక్కడ నా మాట మారదు. పిన్ని పిరికి మనిషి. అసలే ఏళ్లుగా వాయిదా వేస్తోంది. నెలా రెణ్ణెల్లు నిద్ర ఉండదు, ఏడుపొస్తుంది అంటే ఆపరేషనే వద్దంటుంది. 2000 అక్టోబరులో వాజపేయిగారు ప్రధానిగా ఉండగా ముంబై బ్రీచ్ కాండీలో ఎడమ మోకాలు మార్పించుకున్నారు. 2001 జూన్‌లో కుడిది. చేసినది డాక్టర్ చిత్తరంజన్ రణావత్. 1970లలో న్యూయార్కులో నేటి కృత్రిమ మోకాలికి నమూనా తయారుచేసినవాళ్లలో ఆయనొకరు. దేశానికి ప్రధానమంత్రే చేయించుకున్నాడన్న ఆ ఒక్క కబురుతో ఎంతమందికి ధైర్యం వచ్చిందో నేను కళ్లారా చూశాను. ధైర్యం చెప్పాల్సిన చోట భయం చెప్పకూడదు. కావాలంటే పిన్ని కొడుక్కీ కోడలికీ చెబుదాం, చూసుకునేది వాళ్లే కదా.

అక్క: ధైర్యం కావాలి. కానీ నడక అందరికీ కనబడుతుంది, రాత్రి ఎవరికీ కనబడదు. కనబడినదాన్ని మాత్రమే చూసి ధైర్యం తెచ్చుకున్న మనిషి, కనబడనిది ఎదురైనప్పుడు ఒక్కసారిగా కుంగిపోతుంది. పదిహేను రోజుల్లో చెంగున నడుస్తావని చెప్పి పంపితే, పదహారో రాత్రి మేలుకుని కూర్చున్న పిన్ని ఏమనుకుంటుంది? తనకే చెడిందనుకుంటుంది, తనే చేతకానిదాన్ననుకుంటుంది. పైగా కొడుక్కి చెప్పి ఆమెకు దాచడమేమిటి? ఒళ్లు ఆమెది. రాత్రి మేలుకునేది ఆమె.

తమ్ముడు: చెప్పే తీరు అనేది ఒకటుంటుంది కదా. బాధల జాబితా చదివితే ఎవరైనా బెదురుతారు.

అక్క: అక్కడ నువ్వు అన్నది నిజం. నీ ఓర్పు మాట అక్కడే పనికొస్తుంది. ఓర్చుకో అనడం కాదు, ఎప్పటిదాకా ఓర్చుకోవాలో చెప్పడం. మొదటి ఆరు వారాలు రాత్రులు కష్టంగా ఉండటం చాలామందికి జరిగేదే. ఆ తర్వాత మెల్లగా కునుకులు పొడుగవుతాయి. మూడు నెలలకు చాలామందికి బాగా కుదుటపడుతుంది. మోకాలి వాపు, వేడి అంతకన్నా ఎక్కువకాలం ఉండవచ్చు, మచ్చ పక్కన తిమ్మిరి మిగలవచ్చు, అవి చెడినట్టు గుర్తు కాదు. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చు. రోజురోజుకూ కాకుండా వారంవారానికీ పోల్చుకుంటే బాగుపడటం తెలుస్తుంది. వారాలు గడిచినా మెరుగు లేకపోతే, మూడు నెలలు దాటినా రాత్రులు అలాగే ఉంటే, అది ఓర్చుకోవాల్సినది కాదు, చూపించుకోవాల్సినది. ఇలా చెబితే పిన్ని బెదరదు. గడువు తెలిసిన కష్టాన్ని మన ఆడవాళ్లు ఎన్ని మొయ్యలేదు!

తమ్ముడు: గడువుతో చెప్పడానికి నేను ఒప్పుకుంటున్నాను. అన్నీ ఒకేసారి చెప్పడానికి మాత్రం ఒప్పుకోను. ఆపరేషన్‌కు ముందు రాత్రుల సంగతి చెబుదాం, దిగులు సంగతి తర్వాత అవసరాన్ని బట్టి చెబుదాం. ఇంకొకటి. ఇంట్లోవాళ్లకు చెప్పడం కూడా తప్పనిసరి. రాత్రి మూడుసార్లు లేపితే లేచే కోడలు పొద్దున్నే వంట చేసి ఉద్యోగానికి వెళ్లాలి. ఆమె నిద్ర గురించి ఈ సంవాదంలో మనమూ ఇప్పటిదాకా ఎత్తలేదు.

అక్క: ఎత్తాల్సిందే. కొడుకు ఒక రాత్రి, కోడలు ఒక రాత్రి వంతులు వేసుకోవాలి. వీలైతే మొదటి రెండు వారాలు రాత్రికి ఒక ఆయాను పెట్టుకోవాలి. పరామర్శకు వచ్చేవాళ్లు సాయంత్రం ఒక గంటలో వచ్చి వెళ్లాలి. రోగి పగలు అలిసిపోకుండా ఉంటుంది, ఇంట్లోవాళ్లకూ కాస్త వెసులుబాటు. దిగులు సంగతి తర్వాత చెబుదామన్నావు, అది నాకు నచ్చలేదు. ఏడుపొస్తే అది నీ చేతకానితనం కాదు పిన్నీ అన్న ఒక్క వాక్యమైనా ముందే చెప్పి తీరాలి. మిగతాది నీ ఇష్టప్రకారమే కానీ.

తమ్ముడు: ఆ ఒక్క వాక్యం నువ్వే చెప్పు. నీ నోట వింటే నమ్ముతుంది. మందుల సంగతి నేను చెబుతాను. కౌంటరు మీద ఏదీ కొనవద్దని, ఇంతకుముందు నుంచి వాడుతున్న మాత్రలన్నీ కాగితం మీద రాసి డాక్టరుకు చూపించమని.

అక్క: రివ్యూకు వెళ్లేటప్పుడు ఆ కాగితం మీదే ఇంకో నాలుగు ముక్కలు రాసి పంపుదాం. రాత్రి ఎన్నింటికి పడుకుంది, ఎన్నిసార్లు లేచింది, పగలు ఎంతసేపు పడుకుంది, మనసు ఎలా ఉంది. డాక్టరుకు తీరిక లేకపోయినా కాగితం చదవడానికి అర నిమిషం చాలు. ఆయన అడగకపోతే మనమే చెబుదాం. మోకాలు వంగిన డిగ్రీల పక్కన ఆ నాలుగు ముక్కలూ కేసు షీటు మీదికి ఎక్కేదాకా ప్రతి రివ్యూలోనూ చెబుదాం.